పని లేకుండా ఒకసారి హైదరాబాదుకు

మన కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో హైదరాబాదుకు వెళ్లిరాని కుటుంబం ఉండదేమో. పెద్ద ఆపరేషను అంటే హైదరాబాదు. గల్ఫు వీసా పనులకు హైదరాబాదు. పెళ్లి బట్టలకూ, గాజులకూ హైదరాబాదు. చదువు ముగించిన కొడుకు ఉద్యోగం వెదుక్కుంటూ పోయేదీ హైదరాబాదుకే. ఇన్నిసార్లు వెళ్లినవారిని "ఊరు ఎలా ఉంది?" అని అడిగి చూడండి. ఆసుపత్రికి వెళ్లినవారు ఆసుపత్రి వరండా గురించే చెబుతారు. పెళ్లి బజారుకు వెళ్లినవారు ధరల గురించే చెబుతారు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఒక మహానగరం మనకు పొరుగునే ఉంది. మన బంధువులు అక్కడున్నారు. మన పిల్లలు అక్కడ బతుకుతున్నారు. అయినా ఆ ఊరు మనకు తెలియదు.

అందుకే ఈ వారం ఒక చిన్న సలహా. జీవితంలో ఒక్కసారైనా ఏ పనీ పెట్టుకోకుండా, ఎవరినీ వెంటబెట్టుకోకుండా, రోడ్డు మార్గాన హైదరాబాదు వెళ్లి రండి. రెండు రోజులు చాలు.

"ఒంటరిగానా? పనీపాటా లేకనా? డబ్బు దండగ కదా!" అని ఇంట్లోవాళ్లు అడగడం సహజం. వారి మాటలో న్యాయం ఉంది కాబట్టి జవాబు చెప్పుకోవాలి.

ఒంటరి ముసాఫిర్‌కు దక్కేది

నలుగురు కలిసి వెళితే ప్రయాణం సరదాగా గడుస్తుంది, కాదనలేం. కానీ నలుగురూ తమలో తామే మాట్లాడుకుంటారు. ఒకరికి ఆకలి, ఒకరికి బజారు, ఒకరికి తిరుగు బస్సు మీద ధ్యాస. చూడవలసింది ఎదురుగా ఉన్నా చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఒంటరిగా వెళ్లినవాడికి మాట్లాడేందుకు ఎవరూ లేరు. కనుక అతడు దారి అడగాలి, పేరు అడగాలి, కథ అడగాలి. అడిగినకొద్దీ ఊరు నోరు విప్పుతుంది.

చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ ఇబ్న్ బతూతా. మొరాకోలోని తాంజీర్ నగరం నుంచి ఆయన 1325లో బయలుదేరినప్పుడు వయసు ఇరవై ఒకటి. వెంట తోడు లేదు, కారవాన్ లేదు. తల్లిదండ్రులను విడిచిన దుఃఖం తప్ప మరేమీ లేదు. మరుసటి ఏడు కైరో చేరాడు. మరికొన్నేళ్లకు ఢిల్లీ చేరి ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ అయ్యాడు. ఒంటరిగా బయలుదేరిన ఆ యువకుడు ఒంటరిగా మిగలలేదు. దారిలోనే స్నేహితులు దొరికారు, గురువులు దొరికారు. అతడి సఫర్‌నామాలో సుల్తానుల కొలువులే కాదు, ఏ ఊళ్లో జనం ఏమి తింటారో, ముసాఫిర్‌లను ఎలా చూసుకుంటారో కూడా ఉంది. అవన్నీ అడిగి తెలుసుకున్నవే.

అయితే ఒంటరి ప్రయాణానికి ఒక హద్దు ఉంది. రాత్రివేళ ఒంటరిగా సవారీ చేయవద్దని వారించే హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ హెచ్చరిక విలువ మన రోడ్డు మీద తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున కొత్తకోట సమీపంలోని పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయింది ఈ రోడ్డు మీదే. 2025 అక్టోబరు 24న తెల్లవారకముందే కర్నూలు దగ్గరి చిన్నటేకూరులో మరో బస్సు కాలిపోయిందీ ఇదే రహదారిపై. కనుక ఫజర్ నమాజు తర్వాత, వెలుగు వచ్చాకే కదలండి. మగ్రిబ్‌కు ముందే బస చేరండి. ఎక్కడ ఆగినా ఇంటికి ఫోను చేసి చెప్పండి. మోటారు సైకిలు మీదైతే మంచి హెల్మెట్ తప్పనిసరి. యాభై కిలోమీటర్లకు ఒకసారి దిగి నడుము వాల్చండి.

మరో మాట. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 215 కిలోమీటర్లు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం 48 మైళ్లు, అంటే దాదాపు 78 కిలోమీటర్ల ప్రయాణానికి సంకల్పించి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్ అవుతాడు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా, అంటే ఖసర్‌గా చేస్తాడు. కాకపోతే స్థానిక ఇమాము వెనుక నిలబడితే ఆయనతోపాటు నాలుగూ పూర్తి చేయాలి. చాలామంది తికమక పడే విషయం గనుక ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

దారి చెప్పే చరిత్ర

నేను కిందటి డిసెంబరులో నా పాత మోటారు సైకిలు మీద బయలుదేరాను. బస్సులో నిద్రపోతూ ఎన్నోసార్లు దాటిన దారే అయినా, ఈసారి మాత్రమే అది కనిపించింది.

కర్నూలు దాటగానే తుంగభద్ర వంతెన. ఈ ఏటికి ఉన్న కథ చిన్నది కాదు. కర్నూలు నవాబుల పాలన 1839లో ఆంగ్లేయుల చేతిలో ముగిసింది. ఆ తర్వాత ఏటికి ఇవతల మద్రాసు ప్రభుత్వం, అవతల నిజాం రాజ్యం. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది, ఏరు సరిహద్దు కాకుండా పోయింది. 2014 జూన్ 2న మళ్లీ సరిహద్దు అయింది. పదేళ్లపాటు ఉమ్మడి రాజధానిగా ఉన్న హైదరాబాదు 2024 జూన్ 2 నుంచి తెలంగాణకు మాత్రమే రాజధాని. వంతెన మీద ఒక నిమిషం ఆగి చూస్తే, కింద నీటికి ఈ లెక్కలేవీ పట్టినట్టు కనిపించదు.

అవతల ఆలంపూర్ చౌరస్తా. కుడికి తిరిగితే చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, జోగుళాంబ గుడి ఉన్నాయి. అదే ఊళ్లో షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది. ముందుకు సాగితే బీచుపల్లి దగ్గర కృష్ణ. ఆ తర్వాత వచ్చే పేర్లను చదువుకుంటూ పోండి. జడ్చర్ల నుంచి పక్కకు వెళితే పాలమూరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుతో అది మహబూబ్‌నగర్ అయింది. షాద్‌నగర్ దాటాక కొత్తూరు వైపు జహంగీర్ పీర్ దర్గా. అక్కడికి వచ్చేవారిలో హిందువులూ ముస్లిములూ కలిసే ఉంటారు. తరువాత శంషాబాదు, 2008లో మొదలైన విమానాశ్రయం.

ఇక్కడి నుంచి కార్లు పైవంతెన ఎక్కి మెహిదీపట్నంలో దిగిపోతాయి. ద్విచక్ర వాహనాలకు ఆ పైవంతెన మీద అనుమతి లేదు. ఇది నష్టం కాదు, లాభం. ఆరాంఘర్ నుంచి కింది దారిన జూపార్కు, మీర్ ఆలం చెరువు పక్కగా బహదూర్‌పురా మీదుగా పురానాపూల్ చేరతాం. మూసీ మీద ఈ వంతెనను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లో కట్టారు. చార్మినార్ కట్టింది 1591లో, అంటే హిజ్రీ 1000లో. లెక్క చూడండి. ఊరి కంటే వంతెన పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి ఏరు దాటే దారి ముందు పుట్టింది, ఆ దారికి అవతల నగరం తర్వాత పుట్టింది. రోడ్డున వచ్చినవాడికి ఈ సంగతి వివరించనక్కరలేదు. అతడు ఆ వరుసలోనే ఊళ్లోకి వస్తాడు.

నడక మీద పాతబస్తీ

బండిని బసలో పెట్టేయండి. అఫ్జల్‌గంజ్, నాంపల్లి ప్రాంతాల్లో మామూలు లాడ్జీలు చాలా ఉన్నాయి. ఆధార్ కార్డు అడుగుతారు. పాతబస్తీని బండి మీద చూడలేం. అది నడకకు కట్టిన ఊరు.

ఒక హెచ్చరిక. మక్కా మసీదులో జుమా చేసుకుని, ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ చూద్దామని మనవారు శుక్రవారం వెళతారు. ఆ రెండూ శుక్రవారమే సెలవు. శని, ఆదివారాలు పెట్టుకోండి.

మక్కా మసీదు పునాది ముహమ్మద్ కుతుబ్ షా నాటిది. పూర్తయింది 1694లో, ఔరంగజేబు కాలంలో. కుతుబ్‌షాహీ రాజ్యాన్ని 1687లో కూలదోసిన పాదుషా హయాంలోనే ఆ వంశం మొదలుపెట్టిన మసీదు పూర్తయింది. రాజ్యాలు పోయాయి, సఫ్‌లు మాత్రం అక్కడ అలాగే నిలబడుతున్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. అరబీ, ఫారసీ, ఉర్దూ చేతిరాత గ్రంథాలున్న వైపు నేను చాలాసేపు దాదాపు ఒంటరిగానే నిలబడ్డాను. ఛత్తా బజారులో పెళ్లి పత్రికలు అచ్చు వేసే దుకాణాల మధ్య కాతిబ్‌లను వెదికాను. కంప్యూటరు వచ్చాక చేతిరాత పని బాగా తగ్గింది. ఒక వృద్ధుడు మాత్రం రెల్లు కలం చెక్కుకుంటూ నన్ను చూసి, "అకేలే ఆయే క్యా మియాఁ?" అన్నాడు. అవునన్నాను. పక్కనున్న స్టూలు జరిపాడు. అరగంట సేపు అక్షరం వంపు గురించే మాట్లాడుకున్నాం. వెంట నలుగురు ఉంటే ఆ స్టూలు నాకు దొరికేది కాదు.

మూసీ ఒడ్డునే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి ఆసఫియా గ్రంథాలయం, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలో, సుల్తాన్ బజారులో, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో పదేళ్ల తేడాతో వెలసిన రెండు పుస్తకాలయాలు. రెండు భాషలనూ ఇంట్లో పెట్టుకుని బతికే మనబోటివారు ఈ రెండింటినీ ఒకే పూట చూడాలి.

చింతచెట్టు కింద

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసింది. ఆ రోజు ఈ చెట్టెక్కిన నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రాత్రి మిద్దెల మీద గడిపిన మన కర్నూలువారికి ఆ చెట్టు కొత్తగా ఏమీ చెప్పనక్కరలేదు. మనం ఎరిగిన భయమే అది.

ఆ తర్వాత హైదరాబాదు ఏం చేసిందన్నది మనం తెలుసుకోవాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో నగర అభివృద్ధి మండలిని పెట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నుంచి కాపాడిన చెరువులే ఊరికి తాగునీరూ ఇచ్చాయి. తర్వాతి కాలంలో ఊరు ఏటి ఒడ్డు దాకా కమ్ముకుంది. 2025 సెప్టెంబరు చివర ఆ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మన కర్నూలు బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్టాండులోకే మూసీ వచ్చేసింది. పెద్ద నగరాల నుంచి నేర్చుకోవలసింది వాటి వైభవమే కాదు, అవి ఏ పాఠం నేర్చాయో, ఏ పాఠం మరిచాయో కూడా. ఏటి ఒడ్డున బతికే మన ఊరికి ఈ రెండూ అవసరమే.

మన పిల్లలున్న హైదరాబాదు

రెండో రోజు గోల్కొండ చూసి అక్కడితో ఆగకండి. అమీర్‌పేట వెళ్లండి. సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల కింద, హాస్టళ్ల మెట్ల మీద కూర్చున్నది మన జిల్లాల పిల్లలే. అక్కడ ఒక చాయ్ దుకాణం ముందు భోజనం సంచి భుజాన వేసుకున్న కుర్రవాడు బండి దిగి నాకు సలాం చేశాడు. నా దగ్గర చదువుకున్నవాడే. పగలు కోచింగు, సాయంత్రం నుంచి ఇళ్లకు భోజనాల బట్వాడా. "అబ్బాకు చెప్పకండి ఉస్తాద్. కంపెనీలో చేరానని అనుకుంటున్నారు" అన్నాడు. కష్టపడి తినడంలో సిగ్గు లేదని చెప్పాను. తండ్రికి తనే చెప్పుకుంటే మేలని కూడా చెప్పాను. ఆ తండ్రి ఈ నగరానికి ఎన్నోసార్లు వచ్చినవాడే. ఆసుపత్రికి వచ్చాడు, పెళ్లికి వచ్చాడు. కొడుకు మెట్లెక్కి అతడి గది ఎలా ఉందో చూసింది లేదు.

నగరం చూడటమంటే ఇది కూడా. గోపురాలను చూసి మురిసినవాడు, వాటి నీడలో మనవాళ్లు ఎలా బతుకుతున్నారో చూడకపోతే సగమే చూసినట్టు.

వెళ్లదలచినవారికి ఒక్క సూచన చేసి ముగిస్తాను. బయలుదేరే ముందు మీ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి అడగండి. మన వంశంలో మొదట హైదరాబాదు పోయినది ఎవరు, ఏ పేటలో దిగారు, ఏ పని చేశారు అని. అలాగే ఇప్పుడు అక్కడ ఉంటున్న మీ ఊరి పిల్లల చిరునామా ఒకటి రాసుకోండి. ఆ పాత పేట నుంచి మొదలుపెట్టి ఈ చిరునామా దగ్గర ప్రయాణం ముగించండి. ఏది చూడాలో, ఎవరిని పలకరించాలో మధ్య దారిలో నగరమే మీకు చెబుతుంది.