మతి తప్పినవాడి నేరం

మతిస్థిమితం లేనివాడి కర్మలు లెక్కలో రాయబడవని హదీసు. అటువంటి ఒక స్త్రీకి హజ్రత్ ఉమర్ (రజి) మరణశిక్ష ఖరారు చేయగా, హజ్రత్ అలీ (రజి) ఈ మాటే గుర్తుచేసి ఆమెను విడిపించారు.

ఇంగ్లాండులో ఈ నియమానికి స్పష్టమైన రూపం వచ్చింది 1843లో. పాలక పక్షం తనను వేటాడుతోందని భ్రమపడిన డేనియల్ మెక్‌నాటన్, ప్రధాని పీల్ కార్యదర్శి డ్రమ్మండ్‌ను కాల్చి చంపాడు. జ్యూరీ అతణ్ణి నిర్దోషి అన్నది. జనం మండిపడ్డారు. అప్పుడు న్యాయమూర్తులు చెప్పిన సూత్రాల నీడే మన 1860 శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్.

పిచ్చి ఉన్నంత మాత్రాన చాలదు. నేరం చేసే వేళ తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలియని స్థితి ఉండాలి. దాన్ని చూపే భారం ముద్దాయిదే. ఎంత గట్టిగా చూపాలి? 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు (మన తెలుగువారే) దీనికి జవాబిచ్చారు. భార్యను చంపిన ఆ భర్త అప్పీలును కొట్టివేశారు గానీ, తక్కిన ముద్దాయిలకు మేలే చేశారు. పిచ్చిని నిస్సందేహంగా రుజువు చేయనక్కరలేదు, అది నిజమయ్యే అవకాశమే ఎక్కువని తోస్తే చాలన్నారు.

ఆ మాత్రానికైనా ఆధారం కావాలి గదా! రొద్దం అయినా, హిందూపురం అయినా, చెల్లెలి నికాహ్ ఆగిపోతుందని అన్న జబ్బు దాచే ఇళ్లు మనకు తెలియనివా? తావీజు కడతారు, దర్గాలో నిద్ర చేయిస్తారు. దువా చేయించండి, కాదనను. కానీ ఆస్పత్రికీ తీసుకెళ్లండి, డాక్టరు చీటీ భద్రంగా దాచండి. రేపు ఏదైనా జరిగితే వకీలు మొదట అడిగేది దాన్నే.