మొద్దుబారిన చేతికి లావు పిడి

ఒక అమ్మగారి అరచేతి పుండుకు మా వార్డులో ఎన్నోసార్లు కట్లు కట్టాం. మానేది, ఇంటికి వెళ్ళేవారు, నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చేవారు. చివరికి, "కొడవలి ఎలా పడతారో చూపించండమ్మా" అని అడిగాం. సన్నని పిడి. జారుతుందేమోనని బిగించి పట్టేవారు. స్పర్శ లేదు కనుక ఎంత ఒత్తుకుంటోందో తెలిసేది కాదు. పుండు సరిగ్గా అక్కడే!

కుష్ఠువ్యాధి మందులతో నయమవుతుంది. కానీ బాగా దెబ్బతిన్న నరాలు తిరిగి కోలుకోకపోవచ్చు. వేళ్ళు పోయేది ఎక్కువగా నొప్పి తెలియక తగిలే దెబ్బలు, కాలిన గాయాల వల్లేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర నుండి చేసిన కృషి తెలియజేసింది. అంటే, వాటిని చాలావరకు ఆపగలం.

ఇంట్లోనే ఇలా చేయండి:

1. కొడవలి, పార, కత్తి పిడులకు గుడ్డ చుట్టి, పైన పాత సైకిల్ ట్యూబు బిగించండి. పిడి లావైతే ఒత్తిడి అరచేయంతా సర్దుకుంటుంది. ముడులు, మేకులు చేతికి తగలకూడదు.

2. గరిటెలకు చెక్కపిడి పెట్టించండి. వేడి గిన్నెలను, టీ గ్లాసును మందపాటి గుడ్డతోనే పట్టుకోండి.

3. వేళ్ళు ముడవలేనివారు అరచేతికి వెడల్పాటి పట్టీ వేసి, అందులో చెంచా దూర్చుకోవచ్చు. పక్షవాతం వచ్చినవారికీ ఇది పనికొస్తుంది.

4. మధ్యమధ్య పని ఆపి చేతులు చూసుకోండి. ఎక్కడైనా ఎర్రబడితే, బొబ్బ లేస్తే ఆ చేతికి విశ్రాంతినిచ్చి, ఆసుపత్రికి రండి.

ఆ అమ్మగారు మొన్న మళ్ళీ వచ్చారు. కట్టు కోసం కాదు, పిడికి చుట్టిన ట్యూబు అరిగిపోయిందని చూపించడానికి!