బండి చౌక... షాకప్స్ పిరం!

ఉప్పల్: భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దిక్కు పల్లెల నుంచి హైదరాబాదుకు వచ్చేవారికి ఉప్పల్ దారి కొత్త కాదు. ఈ దారిలో ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి నత్తనడక నడిచాయి. స్తంభాలు లేచాయి గాని, వాటి కింద రోడ్డు గుంతలపాలైంది. వాన పడితే ఏది రోడ్డో, ఏది మడుగో తెలిసేది కాదు. ఆ గుంతల్లో ద్విచక్ర వాహనదారుల నడుములు విరిగితే, పెద్ద బండ్ల షాకప్స్ పగిలాయి.

ఆ పెద్ద బండ్ల సంగతే ఇప్పుడు పల్లెల్లోనూ ఇంటి సమస్య అయింది. నగరం చుట్టూ భూముల ధరలు పెరిగాక, ఎకరమో అరెకరమో అమ్మినవారు ముందుగా మోజుపడేది ఎస్‌యూవీ మీద. కొత్తలో అరవై, డెబ్బై లక్షలు పలికిన జర్మనీ బండి పదేళ్లు దాటితే అందులో పదో వంతు దరిదాపుల్లో దొరుకుతుంది. ట్రాక్టరు ధరకు దొర బండి వచ్చిందని సంబరం. కానీ బండి ధర దిగినట్లు దాని సామాను ధర దిగదు. ఒక తెల్లవారి చూస్తే బండి ఒక మూలకు కుంగి ఉంటుంది, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంటుంది. అసలు షాకప్ ఒక్కో దానికి పదుల వేల రూపాయలని తెలిసినప్పుడు సంబరం కాస్తా చల్లారుతుంది.

బరువు మోసేది ఒకటి, ఊపు ఆపేది ఒకటి

మన ఎద్దుబండికి కమాన్లు లేవు. గుంతలో పడితే నడుముకే తెలుస్తుంది. లారీకి కమాను పట్టీలు, కారుకు చుట్ట స్ప్రింగులు. బరువు మోసేవి అవే. స్ప్రింగు ఒకసారి నొక్కుకుంటే ఊయలలాగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాకప్ పని. లోపల నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్నటి రంధ్రాలు. నూనె ఆ రంధ్రాల్లోంచి దూరేటప్పుడు ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. గుంతల రోడ్డు మీద గంటసేపు నడిపి ముట్టుకుంటే షాకప్ కాలుతూ ఉండేది అందుకే.

ఎలక్ట్రానిక్ రకంలో నూనె దారికి కరెంటుతో నడిచే వాల్వు పెడతారు. సెన్సర్లు చెప్పే లెక్కను బట్టి కంప్యూటరు ఆ వాల్వును క్షణక్షణం బిగిస్తూ వదులుతూ ఉంటుంది. జపాన్‌లో టయోటా కంపెనీ 1983లోనే సోరర్ అనే కారుకు కంప్యూటరు షాకప్స్ పెట్టింది. కొన్ని బండ్లలో వాల్వు బదులు ఇనుప రజను కలిపిన నూనె ఉంటుంది. అయస్కాంతం పనిచేస్తే నూనె చిక్కబడుతుంది. ఇది 2002లో అమెరికాలో కాడిలాక్ కారుతో బజారుకు వచ్చింది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గాలి సస్పెన్షన్ వేరు, కంప్యూటరు షాకప్ వేరు. గాలి రకంలో స్ప్రింగు బదులు రబ్బరు బెలూను ఉంటుంది. ఆర్టీసీ గరుడ వోల్వో బస్సు మెత్తగా సాగేది ఈ గాలి మీదనే. కొన్ని ఎస్‌యూవీల్లో ఒకటే ఉంటుంది, కొన్నిటిలో రెండూ కలిసి ఉంటాయి. మీ బండిలో ఏది ఉందో తెలియకుండా దుకాణానికి పోతే డబ్బు వృథా.

ముందు రోగం తెలియాలి

ఉప్పల్ నుంచి మల్లాపూర్ మీదుగా నాచారం దాకా పారిశ్రామికవాడ. ఈ దారుల్లో లేతు షెడ్లు, వెల్డింగు షెడ్లు, మెకానిక్ షెడ్లు. పనితనం ఉన్నవారికి ఇక్కడ కొదవ లేదు. అయితే పెద్ద బండి కుంగితే ముందుగా వినబడే మాట ‘షాకప్ పోయింది’ అనేదే. ప్రతిసారీ పోయేది షాకప్ కాదు.

బండి రాత్రికి రాత్రి కుంగితే అది షాకప్ తప్పు కాదు, గాలి ఎక్కడో పోతున్నదన్నమాట. సైకిల్ ట్యూబుకు పంక్చరు చూసినట్లే బెలూను మీద, గొట్టాల అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు పైకి తేలి చోటు చెప్పేస్తాయి. పదేళ్ల రబ్బరు మడతల దగ్గర బీటలు వారడం మామూలే. ఆ సన్నటి బీటను పట్టించుకోకుంటే, గాలి నింపీ నింపీ కంప్రెసర్ కాలిపోతుంది. అప్పుడు ఒక ఖర్చు రెండవుతుంది. కంప్రెసర్ మార్చేటప్పుడు దాని రిలే కూడా మార్చాలి. పాత రిలే అతుక్కుపోతే కొత్త కంప్రెసర్ కూడా ఆగకుండా తిరిగి కాలుతుంది.

పసుపు దీపం వెలిగితే ముందు స్కానర్ పెట్టించాలి. ఏ చక్రం దగ్గర, ఏ భాగంలో లోపమో అది చెబుతుంది. చక్రం దగ్గర ఎత్తు కొలిచే సెన్సరుకు చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది. అది విరిగినా దీపం వెలుగుతుంది. షాకప్ ధరతో చూస్తే ఆ కడ్డీ ఖర్చు ఎంతో తక్కువ. వడ్ల బస్తాల పక్కన నిలిపిన బండికి ఎలుకలు వైరు కొరకడం కూడా వింతేమీ కాదు. గుంతలో ‘టక్ టక్’ మంటే అది లింక్ రాడ్డో, అరిగిన బుష్షో అయివుండవచ్చు.

మరి షాకప్ పోయిందని ఎట్లా తెలుస్తుంది? పైన కొద్దిగా తేమ కనిపిస్తే భయం లేదు. నూనె కారి కిందికి జారుతుంటే పని అయిపోయినట్లే. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే అక్కడక్కడా గుంటలు తగులుతాయి. గుంత దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. బ్రేకు కొడితే ముక్కు నేలకు వంగుతుంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద చక్రం నేలను సరిగా అంటదు కనుక బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎదురుగా బడి పిల్లలో, పశువులో అడ్డం వచ్చినప్పుడు ఆ నాలుగు గజాలే లెక్క.

ఏది కొనాలి?

దీనికి జవాబు దుకాణంలో కాదు, ఆర్‌సీ కార్డు మీద ఉంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ పైన అయిదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. బండి వయసు ఎంత, ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారు, ఏ రోడ్ల మీద తిప్పుతారు — ఈ మూడూ తేల్చుకున్నాక జేబు తడుముకోవాలి.

ఇంకా అయిదారేళ్లు తిప్పేవారికి, బండి మిగతా అంతా బాగున్నవారికి, కంప్యూటరు షాకప్ కొత్తదే మేలు. అయితే షోరూం డబ్బాలోదే కొనాలని లేదు. కారు కంపెనీలు షాకప్స్ సొంతంగా చేసుకునేది తక్కువ. సాక్స్, బిల్‌స్టీన్, మన్రో వంటి తయారీదారులు చేసిస్తారు. అవే తయారీదారు పేరున్న డబ్బాలో షోరూం కన్నా తక్కువకు దొరుకుతాయి. ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు తీయించాలి. ఒకే మోడలులో మామూలు షాకప్ బండి, కంప్యూటరు షాకప్ బండి రెండూ ఉంటాయి. చూడటానికి ఒకటే, లోపల ప్లగ్గు వేరు. రాణిగంజ్‌లో కొన్నా, మరెక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు వదలవద్దు.

విప్పి బాగుచేసిన షాకప్ మధ్యదారి. సీళ్లు, నూనె మార్చి గ్యాసు నింపుతారు, వాల్వు మాత్రం పాతదే. రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తేనే తీసుకోవాలి. గుజిరీ సామాను సంగతి వేరు. గుద్దుకున్న బండి నుంచి ఊడదీసిన షాకప్ ఎంత దూరం తిరిగిందో చెప్పేవారు లేరు. తలుపో, అద్దమో అయితే గుజిరీ మంచిదే. షాకప్, బెలూను అక్కడ కొనవద్దని మా మాట.

ఇక మామూలు షాకప్స్‌కు మార్చేయడం. షోకు పోతుందని కొందరు వెనకాడతారు గాని, రోజూ చేను గట్ల మీద, మట్టి రోడ్ల మీద తిరిగే పన్నెండేళ్ల బండికి ఇదే తగిన పని అని చెప్పకతప్పదు. మెత్తదనం కొంత తగ్గుతుంది, ఖర్చు చాలా తగ్గుతుంది. కానీ మారిస్తే పూర్తిగా మార్చాలి. ముందు రెండు మామూలువి, వెనక రెండు కంప్యూటరువి అంటే బండి ఎటూ కాదు. గాలి బండికయితే నాలుగు బెలూన్లూ తీసి ఆ బండి బరువుకు తగిన స్ప్రింగుల కిట్టు వేయాలి. కంప్యూటరుకు ‘అంతా బాగుంది’ అని నమ్మించే మాడ్యూలు కూడా పెట్టించాలి. లేకుంటే దీపం ఆరదు. కొన్ని బండ్లలో జారకుండా కాపాడే వ్యవస్థ కూడా ఆగిపోవచ్చు. దీపం బల్బు పీకి ‘బాగైంది’ అనేవారి దగ్గర్నుంచి బండి వెంటనే తెచ్చేసుకోండి. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పి ఉంచాలి. ఇదే అదనుగా బండి ఎత్తు పెంచుదామనుకునేవారికి మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను అడ్డం వస్తుంది.

బిగించేటప్పుడు దగ్గర నిలబడండి. షాకప్స్ ఎప్పుడూ జతగా మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది పాతది పనికిరాదు. పైన ఉండే మౌంటు, లోపలి రబ్బరు దిమ్మ, దుమ్ము తొడుగు పాతవి మళ్లీ పెట్టనివ్వవద్దు. గాలి బండికి జాకీ పెట్టేముందు జాకీ మోడ్ నొక్కాలి. అది మరచి కింద దూరితే బండి మనిషి మీదికి దిగవచ్చు. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు నేల మీద ఆనాకే చివరిసారి బిగించాలి; గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంటు చేయించుకుని, పాత షాకప్స్ కూడా అడిగి బండిలో వేసుకుని ఊరికి రండి.