నరం ఆజ్ఞను కండకు చేర్చే కాల్షియం ద్వారం

తరిగొప్పుల: రక్తపోటుకు పలువురు నిత్యం వేసుకునే అమ్లోడిపిన్ మాత్ర రక్తనాళాల గోడల్లోని కాల్షియం ద్వారాలను మూస్తుంది. ఇందుకు భిన్నంగా, గుండె జోలికి పోకుండా నరాల చివరనున్న ద్వారాలను మాత్రమే మరికొంతసేపు తెరిచి ఉంచే మందు కోసం శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు.

మెదడు ఆజ్ఞ నరం కొసకు చేరగానే ఈ ద్వారాల గుండా కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి కండరాన్ని కదిలిస్తుంది. లాంబర్ట్-ఈటన్ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే ఈ ద్వారాలపై దాడి చేస్తుంది. ఫలితంగా తొడలు, భుజాలు బలహీనపడతాయి, నోరు ఎండిపోతుంది.

అమెరికాలో 2018లో అనుమతి పొందిన ఆమిఫాంప్రిడిన్ పొటాషియం ద్వారాలను అడ్డుకుని, కాల్షియం రాకను పరోక్షంగా పెంచుతుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల జీవీ-58 మాత్రం నేరుగా నరాల కాల్షియం ద్వారాలపైనే పనిచేస్తుంది. 2013లో వెలువడిన పరిశోధనలో ఇది ఎలుకల్లో సత్ఫలితమిచ్చినా, మనుషులకు మందుగా ఇంకా అందలేదు.

ఈ వ్యాధిగ్రస్తుల్లో సుమారు సగం మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంటుంది. పలువురిలో కాళ్ల నీరసమే ముందుగా బయటపడుతుంది. కావున బీడీ, చుట్ట తాగేవారు కూర్చున్నచోటి నుంచి లేవలేకపోతే వయోభారమని ఊరుకోక, వరంగల్ ఎంజీఎంలో గాని, హైదరాబాద్ నిమ్స్‌లో గాని వైద్యులను సంప్రదించడం శ్రేయస్కరం.