ఫోన్‌లా రీస్టార్ట్ చేస్తే చిల్లర్ బాగుపడదు: కంట్రోలర్ సెట్టింగ్స్, అలారమ్‌లు అర్థం చేసుకోండిలా

తార్నాకలో మెట్రో ఎక్కితే హబ్సిగూడ మీదుగా ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌కి రెండే స్టాపులు. దారిలో పెద్ద భవనాల పైకప్పుల మీద, వరసగా ఫ్యాన్లు బిగించిన లారీ సైజు ఇనుప పెట్టె కనిపిస్తే అది ఎయిర్ కూల్డ్ చిల్లర్ అయ్యుండొచ్చు. పేరు వింటే జేబులో చిల్లర గుర్తొస్తుంది కానీ, దీని ధర లక్షల్లో ఉంటుంది.

ఈ రూట్ మొత్తం ల్యాబ్‌ల బెల్ట్. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ, 1944లో సెంట్రల్ లేబొరేటరీస్‌గా పుట్టిన ఐఐసీటీ, 1961 నాటి ఎన్‌జీఆర్‌ఐ, ఆ పక్కనే సీసీఎంబీ. ఇలాంటి పరిశోధన జరిగే భవనంలో కూలింగ్ పోతే చెమట పట్టడంతో కథ అయిపోదు. చల్లటి నీళ్ల మీద ఆధారపడిన లేజర్లు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఆగిపోతాయి. గది వేడెక్కే కొద్దీ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ల మీద లోడ్ పెరుగుతుంది. వాటిలో ఎవరో ఒకరి మూడేళ్ల పీహెచ్‌డీ శాంపిల్స్ ఉంటాయి.

అందుకే చిల్లర్ మీద ఉండే ఆ చిన్న కంట్రోలర్ స్క్రీన్ ఏం చెబుతోందో చదవడం రావాలి. కోడింగ్, ఎలక్ట్రానిక్స్ ఇష్టపడేవాళ్లకి ఇది మంచి సబ్జెక్ట్ కూడా.

అసలు ఎలా పనిచేస్తుంది?

ఇంట్లో స్ప్లిట్ ఏసీ గాలిని చల్లబరుస్తుంది. చిల్లర్ నీళ్లని చల్లబరుస్తుంది. ఆ నీళ్లు పైపుల్లో భవనమంతా తిరిగి, గదుల్లోని వేడిని మోసుకుని వెనక్కి వస్తాయి. ఫుల్ లోడ్‌లో సుమారు 12 డిగ్రీలతో లోపలికి వచ్చి 7 డిగ్రీలతో బయటకి వెళ్లడం మామూలు డిజైన్.

తీసిన వేడిని ఎక్కడో వదలాలి కదా? వాటర్ కూల్డ్ రకంలో కూలింగ్ టవర్ ఉంటుంది, అందులో నీళ్లు ఆవిరైపోతూ ఉంటాయి. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల పైగా పంప్ చేసుకునే మన నగరంలో ఆ నీళ్ల ఖర్చు చిన్నది కాదు. ఎయిర్ కూల్డ్ రకానికి ఆ బాధ లేదు. కానీ మే నెలలో 42 డిగ్రీల గాలిలోకే వేడిని నెట్టాలి. సాధారణంగా ఈ మెషీన్ల రేటింగ్ 35 డిగ్రీల గాలి దగ్గర ఇస్తారు. అంటే మన ఎండాకాలం దీనికి రోజూ స్ట్రెస్ టెస్టే.

ముందు తెలియాల్సిన సెట్టింగ్స్

సెట్‌పాయింట్: బయటకి వెళ్లే నీళ్లు ఎంత చల్లగా ఉండాలి అన్నది. గది చల్లబడట్లేదని దీన్ని 7 నుంచి 5కి తగ్గించడం చాలామంది చేసే పని. ఇంట్లో ఏసీని 16లో పెట్టినట్టే ఇదీ. మెషీన్ అప్పటికే నూరు శాతం లోడ్‌లో ఉంటే కొత్తగా కూలింగ్ ఏమీ రాదు. పైగా ఒక్క డిగ్రీ పెంచితే కంప్రెసర్ కరెంట్ సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది, కాబట్టి అవసరం లేకుండా తగ్గించడం డబ్బు పోగొట్టుకోవడమే. గ్లైకాల్ కలపని మామూలు నీళ్లయితే మరీ కిందకి వెళ్లడం ప్రమాదం కూడా.

డెడ్ బ్యాండ్: సెట్‌పాయింట్ చుట్టూ వదిలే గ్యాప్. ఇది మరీ చిన్నదైతే కంప్రెసర్ మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతుంది.

యాంటీ రీసైకిల్ టైమర్: ఆగిన కంప్రెసర్ మళ్లీ స్టార్ట్ అయ్యే ముందు కొన్ని నిమిషాలు ఆగాలి. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్ నడుస్తుంటే మెషీన్ హ్యాంగ్ అయిందనుకోకండి, మోటార్‌ని కాపాడుకుంటోంది.

లోకల్, రిమోట్ మోడ్: "ఎర్రర్ ఏమీ లేదు, కానీ స్టార్ట్ కావట్లేదు" అంటే ముందు చూడాల్సింది ఇదే. రిమోట్‌లో ఉంటే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ నుంచి కమాండ్ వచ్చేదాకా అది కదలదు.

నాలుగు అలారమ్‌లు, నాలుగు అర్థాలు

1. నో ఫ్లో: నీళ్లు సరిపడా తిరగట్లేదు. పంప్ నడుస్తోందా, వాల్వ్ తెరిచి ఉందా, స్ట్రెయినర్‌లో చెత్త పేరుకుందా చూడాలి. ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. లీటర్లు ఒక సెకనుకి × 4.19 × ఉష్ణోగ్రత తేడా = కిలోవాట్లు. 100 టన్నుల చిల్లర్ అంటే సుమారు 352 కిలోవాట్లు. 5.5 డిగ్రీల తేడాతో నడవాలంటే సెకనుకి 15 లీటర్ల పైన నీళ్లు కావాలి. ఫుల్ లోడ్‌లో తేడా 8, 9 డిగ్రీలకి పెరిగిందంటే నీళ్లు తగ్గాయని అర్థం. లోడ్ నూరు శాతం చూపిస్తూ, నీళ్లు సరిగ్గానే ఉండి, తేడా 3 డిగ్రీలే ఉంటే గ్యాస్ వైపో కంప్రెసర్ వైపో అనుమానించాలి.

2. హై ప్రెజర్: ఎండాకాలం మధ్యాహ్నం వచ్చే అలారం. ఆర్-134ఎ గ్యాస్ వాడే మెషీన్‌లో, 42 డిగ్రీల ఎండలో కండెన్సర్ 57 డిగ్రీల దగ్గర నడిస్తే గేజ్ ప్రెజర్ సుమారు 14-15 బార్. రోడ్డు దుమ్ము కాయిల్‌ని మూసేసి అది 67కి చేరితే ప్రెజర్ 19 బార్ దగ్గరకి వెళ్తుంది. ఎక్కడ ట్రిప్ అవుతుందన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. కాయిల్, ఆగిన ఫ్యాన్, దగ్గరలో కొత్తగా కట్టిన గోడ, వీటిలో ఏదైనా కారణం కావొచ్చు. వేడి గాలి గోడకి తగిలి మళ్లీ కాయిల్‌లోకే వస్తుంటే ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. కాయిల్‌ని పవర్ పూర్తిగా ఆపి, తక్కువ ఫోర్స్ నీళ్లతోనే కడగాలి. ప్రెజర్ వాషర్ పెడితే ఫిన్స్ వంగిపోతాయి.

3. లో ప్రెజర్, ఫ్రీజ్: అన్నిటికంటే సీరియస్ ఇదే. గ్యాస్ లీక్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సమస్య, లేదా నీళ్లు తగ్గడం. ఎవాపరేటర్‌లో నీళ్లు గడ్డకడితే ట్యూబ్ పగులుతుంది. అప్పుడు నీళ్లు గ్యాస్ సర్క్యూట్‌లోకి వెళ్లి కంప్రెసర్ దాకా అన్నీ పాడవుతాయి.

4. ఫేజ్ రివర్సల్: ట్రాన్స్‌ఫార్మర్ రిపేర్ తర్వాతో, జనరేటర్ మార్చాకో మూడు ఫేజ్‌ల వరస తారుమారైతే వస్తుంది. స్క్రూ, స్క్రోల్ కంప్రెసర్లు ఉల్టా తిరిగితే దెబ్బతింటాయి. అందుకే రిలే ముందే ఆపేస్తుంది.

సెన్సర్ అబద్ధం చెబుతోందా?

చెక్ చేయడం తేలిక. చాలా చోట్ల వాడే 10 కిలో ఓమ్ ఎన్‌టీసీ సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపాలి, చల్లబడితే విలువ పెరగాలి. 4-20 మిల్లీ ఆంప్స్ ప్రెజర్ సెన్సర్ అయితే సగం రేంజ్ దగ్గర 12 రావాలి. సున్నా వచ్చిందంటే ప్రెజర్ లేదని కాదు, వైర్ తెగిందని.

నెట్‌వర్క్ సైడ్

కంట్రోలర్లు ఎక్కువగా మోడ్‌బస్ లేదా బ్యాక్‌నెట్‌లో మాట్లాడతాయి. మోడ్‌బస్ 1979 నాటిది. ఆర్‌ఎస్-485 వైరింగ్‌లో డేటా రాకపోతే అడ్రస్, బాడ్ రేట్, ప్యారిటీ రెండు వైపులా ఒకటేనా చూడండి. ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయా, లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉందా చూడండి. ఇంకో ముఖ్యమైన విషయం: పాత మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అనేదే లేదు. ఫోన్‌లో చూసుకోవాలని చిల్లర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తగిలిస్తే, సెట్‌పాయింట్ ఎవరైనా మార్చేయొచ్చు. వీపీఎన్ వెనకే ఉంచాలి.

రీసెట్ బటన్ దగ్గర ఆగండి

ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం, పోయేదేమీ లేదు. చిల్లర్‌లో అలా కాదు. ఫ్రీజ్ అలారమ్‌ని నాలుగైదు సార్లు రీసెట్ చేసి నడిపిస్తే, ప్రతిసారీ ట్యూబ్‌ని పగిలే దశకి ఇంకొంచెం దగ్గర చేసినట్టే. ఫ్లో స్విచ్‌కి వైర్ ముక్కతో జంపర్ పెట్టి అలారం "పోగొట్టడం" ఇంకా ఘోరం. వేలల్లో తేలే స్ట్రెయినర్ క్లీనింగ్ లక్షల కంప్రెసర్ మార్పిడి అవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

అలారం రాగానే రీసెట్ కంటే ముందు స్క్రీన్‌ని ఫోటో తీయండి. లోపలికి, బయటకి వెళ్లే నీళ్ల ఉష్ణోగ్రతలు, రెండు ప్రెజర్లు, బయటి గాలి వేడి, లోడ్ శాతం, టైమ్ రాసుకోండి. చాలా మోడల్స్ ట్రిప్ అయిన క్షణం రీడింగులు అలారం హిస్టరీలో దాస్తాయి, అవి కూడా తీసుకోండి. కారణం దొరికి, సరిచేశాక ఒక్కసారి రీసెట్ చేస్తే చాలు. ప్యానెల్ లోపల 415 వోల్టులు ఉంటాయి కాబట్టి తలుపు తెరిచే పని, గ్యాస్ పని లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌కే వదలండి. మీరు రాసిన ఆ రీడింగులు ఆయన చేతికిస్తే సగం పని అక్కడే అయిపోతుంది.