ఎనిమిది అంతస్తుల హద్దు

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించారు. అప్పట్లో ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన పల్లెలకు శుద్ధి చేసిన నది నీళ్లు అందించాలన్నది పథకం. ఆ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంటర్నెట్ ఫైబర్‌కు గొట్టాలు కూడా వేసేయాలన్నది టీ-ఫైబర్ ఆలోచన. తవ్వకం ఒక్కటే, సరఫరాలు రెండు.

ఫైబర్ లోపలా ఇదే పొదుపు. పంచాయతీ ఆఫీసు, బడి, దవాఖాన, ఇళ్లు అన్నిటి సమాచారమూ ఒకే తీగ మీద పోవచ్చు. దేని దారి దానిదిగా ఉంచే పద్ధతుల్లో పాతదీ, బాగా వాడుకలో ఉన్నదీ వీలాన్.

దాని మూలం 1980లలో అమెరికాలోని బెల్‌కోర్‌లో డేవిడ్ సిన్‌కాస్కీ చేసిన పనిలో ఉంది. 1998లో ప్రమాణాల సంస్థ ఐఈఈఈ దాన్ని 802.1క్యూ అనే ప్రమాణంగా ప్రకటించింది. ఈథర్‌నెట్‌లో వెళ్లే ప్రతి ఫ్రేముకూ, అంటే సమాచారపు మూటకూ, 4 బైట్ల ముద్ర కొడతారు. అందులో 12 బిట్లు వీలాన్ నంబరుకు. ఆ లెక్కన వాడుకోడానికి దొరికేవి 4,094 నంబర్లే. వేలమంది ఖాతాదారులున్న టెలికాం సంస్థలకు అవి సరిపోలేదు. దాంతో ఖాతాదారు ముద్ర మీద సంస్థ మరో ముద్ర కొట్టే 802.1ఏడీ పద్ధతి వచ్చింది. పేర్చడం అక్కడే మొదలైంది.

మరోవైపు, 1994లో నాసా గాడర్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు 486 కంప్యూటర్లు 16 కలిపి బేవుల్ఫ్ అనే సూపర్ కంప్యూటర్‌ను కట్టారు. ఒక్క ఈథర్‌నెట్ కార్డు వేగం చాలక, రెండింటిని కలిపి ఒకటిగా కనిపించేలా చేశారు. లినక్స్‌లో బాండింగ్ అనే సౌకర్యానికి అదే పుట్టిల్లు.

వీలాన్ అయినా, బాండ్ అయినా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ దృష్టిలో ఒక నెట్‌వర్క్ పరికరమే. చేతితో పట్టుకోగల కార్డు ఎంతో, సాఫ్ట్‌వేర్‌తో అల్లిన కార్డూ అంతే. కాబట్టి చాలావరకు ఒకదాని మీద మరొకటి పెట్టవచ్చు. 2023లో తెరుచుకున్న నల్లగొండ ఐటీ టవర్‌లోనో, మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి ఐటీ టవర్‌లోనో ఒక సర్వరు ఉందనుకుందాం. ఒక కార్డు పాడైనా పని ఆగకుండా రెండు కార్డులను బాండ్ చేస్తారు. బాండ్ మీద వీలాన్, వీలాన్ మీద బ్రిడ్జి, ఆ బ్రిడ్జికి వర్చువల్ కంప్యూటర్లు. నాలుగైదు అంతస్తులతో పని ముగుస్తుంది.

ముగియకపోతే ఏమవుతుందన్నది చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు.

బతుకమ్మను పేర్చేటప్పుడు ప్రతి వరుసా కింది వరుస మీద ఆనుతుంది, మొత్తం బరువు మాత్రం తాంబాలం మోస్తుంది. కెర్నెల్‌లో ఆ తాంబాలం స్టాక్ అనే మెమరీ. ఇంటెల్ తరహా 64 బిట్ యంత్రాల్లో 2014 నుంచి దాని పరిమాణం 16 కిలోబైట్లు. అంతకుముందు అందులో సగమే. అవసరమైతే పెరిగే గుణం దానికి లేదు.

అడుగున ఉన్న పరికరాన్ని తొలగించారనుకోండి. ఆ కబురు పై పరికరానికి వెళ్తుంది. అది తన సంగతి చక్కబెట్టుకుంటూ తన పైదానికి చెబుతుంది. కింది పని పూర్తికాకుండానే పై పని మొదలవుతుంది, ఒక్కో మెట్టుకూ స్టాక్‌లో కొంత జాగా పోతుంది. వీలాన్ మీద వీలాన్ చొప్పున యాభైకి పైగా పేర్చి, అడుగున ఉన్నదాన్ని తీసేస్తే స్టాక్ పొంగి, పక్కనున్న మెమరీ చెడిపోయేది. విడివిడిగా చూస్తే ఆ పరికరాలను నడిపే ఏ డ్రైవర్‌లోనూ తప్పు లేదు. కింద ఏముందో ప్రతిదానికీ తెలుసు. మొత్తం ఎత్తు ఎంతో దేనికీ తెలియదు.

2019 అక్టోబరులో తేహీ యూ అనే డెవలపర్ ఈ చిక్కును వరుస ప్యాచ్‌లతో, అంటే కోడ్ సవరణలతో, విప్పాడు. వీలాన్, బాండింగ్, టీమ్, మ్యాక్‌సెక్, మ్యాక్‌వీలాన్, ఐపీవీలాన్, వీఎక్స్‌లాన్ అనే పరికర రకాలన్నిటికీ ఇదే జబ్బని చూపించాడు. మందు ఒక్కో డ్రైవర్‌కు కాకుండా మూలానికే వేశాడు. తనతో కలిపి కింద ఎన్ని అంతస్తులున్నాయో, పైన ఎన్నున్నాయో ఇకపై ప్రతి పరికరమూ గుర్తుపెట్టుకుంటుంది. రెండింటిని జతచేసే ముందు కెర్నెల్ ఆ అంకెలను కూడుతుంది. మొత్తం 8 దాటితే జత కుదరదు. ఎత్తుకు హద్దు ఏర్పడింది కాబట్టి, పరికరాలన్నిటినీ చుట్టివచ్చే కోడ్ తనను తాను పిలుచుకుంటూ పోవాల్సిన అవసరం తప్పింది. చిన్న పట్టికలో దారి రాసుకుంటూ తిరిగితే చాలు. ఆ నవంబరులో వచ్చిన లినక్స్ 5.4లో ఈ మార్పులు చేరాయి.

అదే ప్యాచ్‌లలో ఇంకో మరమ్మతూ ఉంది. రెండు పనులు ఒకేసారి ఒకే డేటాను ముట్టుకోకుండా కెర్నెల్ తాళాలు వేస్తుంది. తాళాలు వేసే వరుస తప్పితే యంత్రం బిగుసుకుపోతుంది. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి 2006లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ లాక్‌డెప్ అనే కాపలాదారును తయారుచేశాడు. అది తాళాలను విడివిడిగా కాకుండా రకాలుగా చూస్తుంది. ఒక వీలాన్ తాళం పట్టుకుని ఉండగా దాని కింది వీలాన్ తాళం వేస్తే, వేసిన తాళమే మళ్లీ వేశారని అరుస్తుంది. అందుకని తేహీ యూ ఒక్కో పరికరానికి సొంత గుర్తు ఇచ్చి, పేర్పు మారినప్పుడల్లా దాన్ని కొత్తగా నమోదు చేయించాడు.

ఇది మాత్రం నిలవలేదు. గుర్తు మారుతున్న ఆ రెప్పపాటులోనే ప్యాకెట్లు పంపే కోడ్ అదే తాళాన్ని తీసుకుంటోంది. కెర్నెల్‌ను రాత్రింబవళ్లు అడ్డదిడ్డంగా పరీక్షించే గూగుల్ యంత్రం సిజ్‌బాట్ ఆ సందును పట్టేసి, లేని తప్పుల మీద హెచ్చరికలు కురిపించింది. 2020 మేలో కాంగ్ వాంగ్ అనే మరో డెవలపర్ ఆ మార్పును కొంతమేర వెనక్కి తీశాడు. జూన్‌లో పరికరాల చిరునామాల జాబితాను కాపాడే తాళానికీ పాత పద్ధతే తెచ్చి, ఏ అంతస్తు తాళమో లాక్‌డెప్‌కు తెలియడానికి కిందటి ఏడాది చేరిన ఆ ఎత్తు అంకెనే వాడాడు. ఒకే రకం తాళంలో లాక్‌డెప్ గుర్తించగల ఉపరకాలు కూడా సరిగ్గా ఎనిమిదే. ఈ రోజు లినక్స్‌లో తొమ్మిదో అంతస్తు పేర్చబోతే యంత్రం కూలిపోదు. లింకులు మరీ ఎక్కువయ్యాయని ఒక్క వరుసలో చెప్పి, ఉన్న ఎనిమిదింటితో పని సాగిస్తుంది.