మహమ్మారి కాలమున వడ్రంగపు విద్య

వడ్రంగము చేతి విద్య. గణితమును నల్లబల్లపై చూచి గ్రహింపవచ్చును గాని, చిత్రిక పట్టుటను చూచినంత మాత్రమున నేర్వజాలము. ఉలిని ఎంత వాలుగ పట్టవలెనో, రంపమును ఎంత ఒత్తిడితో నడుపవలెనో గురువు శిష్యుని చేతిపై తన చేయి వేసి చూపవలెను. 2020 మార్చిలో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడినప్పుడు మాకు మొదట దూరమైనది ఆ స్పర్శయే. ఈ తమిళదేశమున 10, 12 తరగతులకైనను 2021 జనవరి 19వ తేదీ వరకు బడి తలుపులు తెరువబడలేదు.

ఆరంభమున మేమొక పొరపాటు చేసితిమి. ఇంటనున్న కత్తితో కొయ్య చెంచా చెక్కుడని ఫోనులో చెప్పితిమి. ఒక బాలుని బొటనవ్రేలు తెగినది. గాయము మానినది గాని, పక్కన పనితెలిసిన పెద్దలు లేనిదే పదునైన పనిముట్టు పట్టింపరాదని ఆనాడే నిశ్చయించుకొంటిమి.

పిమ్మట కొలతతో మొదలుపెట్టితిమి. పిల్లలు అట్టముక్కలపై పెట్టె పటము గీసి, మిల్లీమీటరు తేడా రాకుండ మడచి చూచిరి. వానకాలమున తలుపు బిగియుట ఏలయని ప్రశ్నించితిమి. కొయ్య తేమను పీల్చి, పొడవునకంటె అడ్డముగ ఎక్కువ ఉబ్బునని ఇంటి గుమ్మము వద్దనే గ్రహించిరి. తాతలనడిగి బాడిస, చిత్రిక, మూలమట్టము వంటి మన పేర్లను వ్రాసి పంపిరి. ఉలి అను మాట తెలుగు, తమిళ, కన్నడములు మూటను కలదని తెలిసికొని సంతోషించిరి.

బడి తెరచిన పిదప శుభ్రత సమస్య వచ్చినది. శానిటైజరులోని ఆల్కహాలు లక్కపూతను కరిగించును. నిప్పునకు త్వరగ అంటుకొనును. బ్లీచింగు నీరు ఉక్కునకు తుప్పు పట్టించును. కావున పనిముట్లను సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పలుచగ నూనె రాచితిమి. కొయ్యపొడికై ధరించు కవాటపు మాస్కు ధూళిని ఆపును గాని, ధరించినవాని ఊపిరిని వడగట్టక వెలుపలికి వదలును. అందుచే కవాటము లేనివానినే వాడించితిమి. రంపపు పనిని చెట్టునీడకు మార్చితిమి.

పాఠములు తగ్గింపవలసినప్పుడు తొలుత కోతపడునది చేతిపనియే. ఇది తగునా? ఫిన్లాండు దేశము 1866లోనే దీనిని బడి పాఠముగ చేసినది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తియే విద్యకు మూలమని బోధించెను. 2020 జూలై 29న ఆమోదింపబడిన జాతీయ విద్యావిధానము సైతము 6 నుండి 8 తరగతుల నడుమ పది దినములు పుస్తకాల సంచి లేక వడ్రంగి మొదలగువారి వద్ద పని నేర్వవలెనని సూచించినది.

వ్రేలు తెగిన బాలుడు మరల వచ్చి, మా యెదుటనే ఆ చెంచాను పూర్తిచేసెను. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: మీ పిల్లవాడు చేసిన వస్తువు వంకరగ నున్నను నవ్వకుడు, ఇంట వాడుకొనుడు.